ఆముదం పాలైన ఆల్తెసిన్

1941లో మాంట్రియల్‌లోని ఒక ప్రయోగశాలలో ఎలుకలు సోలిపోయాయి. వాటికి ఎక్కించింది నిద్రమందు కాదు, ప్రొజెస్టెరాన్. కడుపు నిలవడానికి ఆడవాళ్ల ఒంట్లో తయారయ్యే హార్మోను. ఎక్కించిన పెద్దమనిషి హాన్స్ సెల్యె. ‘స్ట్రెస్’ అన్న మాటని లోకమంతా ఇంటి మాట చేసింది కూడా ఆయనే. స్టెరాయిడ్ హార్మోన్లకు మత్తెక్కించే గుణం ఉందని ఆ ఏడాదే రాసి అచ్చువేశాడు. ఒంట్లో పుట్టే పదార్థానికి దగ్గరి చుట్టం ఒకటి మనిషిని ఆపరేషన్ బల్ల మీద హాయిగా నిద్రపుచ్చి, పని కాగానే మాట వినే పిల్లలా దిగిపోతే అంతకంటే ఏం కావాలి? ఆ ఆశ అక్కడ మొదలైంది. అది నెరవేరడానికి ముప్పై ఏళ్లు పట్టింది. నెరవేరాక నిలిచింది పన్నెండేళ్లే.

ఆ పన్నెండేళ్ల మందు పేరు ఆల్తెసిన్. ఇవాళ ప్రాక్టీసులో ఉన్న మత్తు డాక్టర్లలో ఎక్కువమంది దాన్ని చేత్తో ముట్టుకుని ఉండరు. చదువుకునే రోజుల్లో పుస్తకంలో ఒక పేరాగా చూసి ఉంటారు, అంతే. తన తప్పు లేకుండా కూలిపోయిన మందుల జాబితా ఎవరైనా రాస్తే మొదటి వరసలో ఉండాల్సిన పేరు అది.

స్టెరాయిడ్‌తో మత్తు అన్న ఊహకు అడ్డుపడింది ఒక్కటే: స్టెరాయిడ్లు నీళ్లలో కరగవు. నరానికి ఎక్కించాలంటే కరిగి తీరాలి. 1955లో హైడ్రాక్సీడయోన్ అనే మందు వచ్చింది. కష్టపడి నీళ్లలో కరిగేలా చేశారు గానీ, ఎక్కించాక మనిషి నిద్రపోవడానికి నిమిషాలు పట్టేది. పైగా ఎక్కించిన సిర వాచి, ఎర్రబడి, గట్టిపడేది. కొన్నాళ్లు వాడి పక్కన పెట్టేశారు. 1934 నుంచి వాడకంలో ఉన్న థయోపెంటోన్, మన ఆసుపత్రుల్లో పెంటోథాల్ అనేవాళ్లే, దాని సింహాసనం చెక్కుచెదరలేదు. దాని దోషాలు అందరికీ తెలుసు. రక్తపోటును కిందికి లాగేస్తుంది. కొంచెం మోతాదు మించితే ఊపిరి ఆపేస్తుంది. సూది పొరపాటున ధమనిలోకి దిగితే వేళ్లు నల్లబడి కుళ్లిపోయే దాకా వస్తుంది. అయినా అంతకంటే మంచిది లేదు కాబట్టి అదే.

1971లో బ్రిటన్‌లోని గ్లాక్సో కంపెనీ పరిశోధకులు తమ కొత్త మందు గురించి ప్రకటించారు. అప్పటికి దానికి ఆల్తెసిన్ అన్న పేరు కూడా లేదు, సీటీ 1341 అన్న అంకె తప్ప. అందులో ఉన్నవి రెండు స్టెరాయిడ్లు. పని చేసేది ఆల్ఫాక్సలోన్. రెండోది ఆల్ఫడోలోన్, దానికీ కొంత మత్తు గుణం ఉన్నా ముఖ్యంగా మొదటిదాన్ని కరిగించడానికి తోడుగా పెట్టింది. మిల్లీలీటరుకు మొదటిది 9 మిల్లీగ్రాములు, రెండోది 3. జంతువుల మీద చూస్తే నిద్రపుచ్చే మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ మధ్య ఉన్న ఎడం, థయోపెంటోన్‌తో పోలిస్తే నాలుగు రెట్లకు పైనే. మత్తు మందుల లోకంలో ఇది చిన్న మాట కాదు. డాక్టరు చెయ్యి ఒక గీత అటూ ఇటూ అయినా రోగి బతికి బట్టకడతాడని అర్థం.

మనుషుల మీద వాడాక పేరు ఇంకా పెరిగింది. సూది గుచ్చిన చోట మంట లేదు. చేతి నుంచి మెదడుకి రక్తం చేరేంత సేపట్లోనే నిద్ర. లేచేటప్పుడు తల దిమ్ము తక్కువ. కొందరికి ఎక్కిళ్లు, కొందరికి కాళ్లూ చేతులూ అదరడం. వాటిని ఎవరూ లెక్కచెయ్యలేదు. మెదడులో ఒత్తిడి తగ్గించేది కాబట్టి తల ఆపరేషన్లు చేసేవాళ్లకు మరీ ఇష్టం. చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తూ గంటల తరబడి మత్తులో ఉంచవచ్చు. గ్యాసు పీల్పించకుండా సూదిమందుతోనే ఆపరేషన్ మొత్తం నడిపించవచ్చన్న ఊహకి ప్రాణం పోసిన మందుల్లో ఇదొకటి.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోగి ఎంత మత్తులో ఉన్నాడో నర్సులు ఒకటి నుంచి ఆరు దాకా అంకె వేసి షీటు మీద రాస్తారు. దాన్ని రామ్సే స్కోరు అంటారు. హైదరాబాదు, విజయవాడ ఐసీయూల్లోనూ ఈ పేరు తెలియని డాక్టరు ఉండడు. 1974లో మైకేల్ రామ్సే, ఆయన సహచరులు ఆ కొలతను తయారు చేసుకున్నది ఆల్తెసిన్ ఎక్కించిన ఐసీయూ రోగుల మత్తును కొలవడానికే. మందు పోయింది. దాన్ని కొలిచిన బద్ద మిగిలింది.

ఇంత బాగున్న మందులో లోపం ఎక్కడుంది? సీసాలో మిగతా భాగంలో ఉంది.

రెండు స్టెరాయిడ్లను కలిపినా నీళ్లలో కరగవు గదా. వాటిని కరిగించడానికి గ్లాక్సోవాళ్లు వాడింది క్రెమఫోర్ ఈఎల్ అనే ద్రావకం. జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ సరుకు. చిక్కటి, లేత పసుపు ద్రవం. అది మరేమిటో కాదు, మన ఆముదమే. ఆముదాన్ని ఎథిలీన్ ఆక్సైడ్ అనే వాయువుతో కలిపి ఉడికిస్తే నూనె గుణం పోకుండానే నీళ్లతో కలిసే గుణం వస్తుంది. నీళ్లకు ససేమిరా అనే మందుల్ని తన పొట్టలో దాచుకుని నీళ్లలోకి తీసుకెళ్తుంది. పాలమూరు, నల్లగొండ ఎర్రనేలల్లో వానాధారంగా పండే ఆముదం గింజ, పసిపిల్లల మాడుకి రాసే నూనె, సుఖవిరేచనానికి తాగించే నూనె, ఫ్యాక్టరీలో రూపు మారి ఇంజక్షన్లలోకి ప్రవేశించింది. ప్రపంచంలో ఆముదం అత్యధికంగా పండించేది మన దేశమే. అయితే ఆల్తెసిన్ సీసాల్లోకి వెళ్లింది ఏ దేశపు నూనో చెప్పడం ఈ కథకి అవసరం లేదు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమని సామెత. 1970ల్లో కరగని మందుల్ని నరానికి ఎక్కించాలనుకున్న కంపెనీలకు అదే పరిస్థితి. సీసాలో నూటికి ఇరవై పాళ్లు ఆ ద్రావకమే. మందు దాంట్లో ఒక్క పాలు కాస్త పైన.

ఆ తరవాత జరిగింది వైద్య పత్రికల్లో డాక్టర్ల ఉత్తరాలుగా, నివేదికలుగా వరసగా అచ్చయింది. పేర్లు లేవు, వయసులున్నాయి. చదువుతుంటే అన్నిటిలోనూ ఒకే దృశ్యం. హెర్నియాకో, పిత్తాశయానికో, గర్భసంచికో ఆపరేషన్. రోగి ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. మామూలు భయం తప్ప ఒంట్లో వేరే జబ్బు లేదు. చేతి మీద సూది. మందు వెళ్తుంది, కళ్లు మూతలు పడతాయి. డాక్టరు ముఖానికి మాస్కు పెట్టి సంచి నొక్కుతాడు. ఒక నిమిషం గడవదు, మెడ మీద నుంచి ఛాతీ దాకా ఎరుపు పాకుతుంది. మణికట్టు దగ్గర పెట్టిన వేలికి నాడి అందదు. రక్తపోటు పట్టీ బిగించి వింటే ఏమీ వినపడదు. ఇందాకటి దాకా మెత్తగా నలిగిన సంచి ఇప్పుడు చేతికి బిగుసుకుపోయి తగులుతుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి పోవడంలేదు. కనురెప్పలు ఉబ్బుతాయి.

ఇవాళ అయితే వేలికి తొడిగిన పల్స్ ఆక్సీమీటర్ మోగి చెప్తుంది. ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే గీత పడిపోయి చెప్తుంది. అప్పట్లో చాలా థియేటర్లలో ఈ రెండూ లేవు. డాక్టరు వేళ్లే యంత్రాలు. మామూలుగా ఎలర్జీ వచ్చినవాడు ‘ఒళ్లంతా దురద, ఊపిరాడటం లేదు’ అని మొత్తుకుంటాడు. మత్తులో ఉన్నవాడు ఏం చెప్తాడు? ఒంటి మీద దద్దుర్లు లేచినా పైన ఆకుపచ్చ గుడ్డలు కప్పి ఉంటాయి. ఎలర్జీలన్నిటిలో ఆపరేషన్ బల్ల మీది ఎలర్జీ ఇంత మోసకారి కావడానికి కారణం ఇదే. రోగి నోరూ చర్మమూ రెండూ మూసుకుపోయి ఉంటాయి.

అడ్రినలిన్, ఆక్సిజన్, సెలైన్ బాటిళ్లు బాటిళ్లుగా. కాళ్లు పైకెత్తి పట్టుకోవడం. గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం. చాలామందిని డాక్టర్లు గట్టెక్కించారు. ఆపరేషన్ వాయిదా పడేది. ఉబ్బిన కళ్లతో లేచిన రోగికి ఎదురయ్యే మొదటి సంగతి ఏమిటంటే, ఏ పని కోసం వచ్చాడో ఆ పని జరగలేదు, ప్రాణం మాత్రం పోయి వచ్చింది.

ఎన్నిసార్లు జరిగిందన్న దగ్గర గొడవ మొదలైంది. ఒక లెక్క పది వేలమందికి పైగా వాడితే ఒకరికి అంది. ఇంకో ఆసుపత్రి తమ సొంత రికార్డులు తిరగేసి దాదాపు వెయ్యిమందికి ఒకరికి అంది. ఈ రెంటి మధ్య పదింతల తేడా. ఎక్కువ చెప్పినవాళ్లు చిన్న చిన్న ఎరుపులనీ లెక్కేశారని కొందరు, తక్కువ చెప్పినవాళ్లు జరిగినవన్నీ కాగితం మీదికి ఎక్కించలేదని కొందరు. రెండు వైపులా న్యాయం ఉంది. తెలిసి చేసిన తప్పు ఎవరిదీ కాదు. బెల్‌ఫాస్ట్‌లో క్లార్క్, డండీ బృందం ఇలాంటి నివేదికలు వందదాకా పోగేసి 1975లో అచ్చువేసింది. థయోపెంటోన్‌కీ ఇలాంటివి జరుగుతాయని అందులో ఉంది, కాకపోతే వాడకంతో పోల్చి చూస్తే చాలా అరుదుగా. అప్పటిదాకా ‘ఆ రోగి ఒంటి తత్వం’ అని సరిపెట్టుకున్న వాళ్లకి ఇక ఆ మాట చెప్పుకునే వీలు లేకపోయింది.

దోషి మందా, నూనా? దీనికి జవాబు పక్కింట్లో దొరికింది. అదే కాలంలో జర్మనీ బేయర్ కంపెనీ మత్తు మందు ఒకటి వాడకంలో ఉండేది. పేరు ప్రొపానిడిడ్, అమ్మకపు పేరు ఎపొంటాల్. దానికీ స్టెరాయిడ్లకీ చుట్టరికం ఏ కోశానా లేదు. లవంగ నూనెలోని యూజినాల్ నుంచి పుట్టింది అది. అయినా దానికీ అదే ఎరుపు, అదే నాడి పతనం. రెండు వేర్వేరు కులాల మందులు, ఒకే జబ్బు. రెండిటిలోనూ ఉన్న ఉమ్మడి పదార్థం క్రెమఫోర్. ఒకసారి దానితో ఎక్కించుకుని ఏమీ కాని మనిషికి, మరోసారి ఆపరేషన్‌కి వచ్చినప్పుడు విరుచుకుపడిన సందర్భాలున్నాయి. మొదటిసారే పడిపోయినవాళ్లూ ఉన్నారు. రక్తంలో కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థను ఈ ద్రావకం రెచ్చగొడుతుందనీ, దాంతో మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్ కుమ్మరిస్తాయనీ తేలింది. కుక్కలకైతే మందు కూడా అక్కర్లేదు. ద్రావకం ఒక్కటి ఎక్కిస్తే చాలు, హిస్టమిన్ వరదే.

మూడో సాక్షి కూడా ఉంది. ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీలో ఇయాన్ గ్లెన్ అనే పశువైద్యుడు కొత్త మత్తు మందు ఒకటి కనిపెట్టాడు. అదీ నీళ్లలో కరగదు. అదీ మొదట క్రెమఫోర్‌లోనే కరిగించారు. 1977లో మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి, మళ్లీ అవే రియాక్షన్లు. గ్లెన్ చిన్నజాతి పందుల మీద పరీక్షించి చూశాడు. అదే ద్రావకాన్ని రెండోసారి ఎక్కిస్తే అవి పడిపోయాయి. ఐసీఐ అక్కడ ఆగింది. మందుని వదల్లేదు, ఆముదాన్ని వదిలింది. సోయా నూనె, గుడ్డు సొనలోని లెసిథిన్ కలిపి పాలలాంటి తెల్లటి ఎమల్షన్ చేసింది. దానికి ఏళ్లు పట్టాయి. 1986లో అది మార్కెట్లోకి వచ్చింది. ఆ మందే ప్రొపోఫాల్. ఇవాళ ఏ ఊరి ఆపరేషన్ థియేటర్లో చూసినా సిరంజిలో తెల్లగా కనపడేది. గ్లెన్‌కు 2018లో లాస్కర్ పురస్కారం ఇచ్చారు.

ఒకే గోతిలో పడిన రెండు మందుల్లో ఒకటి బట్టలు మార్చుకుని వచ్చి రాజైంది. రెండోది అక్కడే ఉండిపోయింది.

1984లో ఆల్తెసిన్‌ని మనుషుల వాడకం నుంచి తీసేశారు. ప్రొపానిడిడ్ పోయిందీ ఆ ఏడాదే. విచిత్రం చూడండి, సరిగ్గా ఆ 1984లోనే లండన్‌లో హారిసన్, సిమండ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఆల్ఫాక్సలోన్ మెదడులో ఎలా పనిచేస్తుందో బయటపెట్టారు. మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే సహజ రసాయనం ఉంది. దాని రిసెప్టర్ మీద ఈ స్టెరాయిడ్ కూర్చుని గాబా బలాన్ని పెంచుతుంది. సెల్యె ఎలుకలు ఎందుకు సోలిపోయాయన్న ప్రశ్నకి నలభై మూడేళ్లకు జవాబు దొరికింది. అప్పటికి మందు శవం లేచిపోయింది.

హైదరాబాదువాళ్లకు ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు రావాలి. 1888లో, మళ్లీ 1889లో నిజాం డబ్బుతో హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్ జరిగింది. నడిపించింది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. రెండోదానికి లండన్ నుంచి ‘లాన్సెట్’ పత్రిక లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి పంపింది. కుక్కల మీదా కోతుల మీదా ప్రయోగాలు చేసి తేల్చిందేమిటంటే, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదు, ఊపిరి కనిపెట్టుకుని ఉంటే భయం లేదు అని. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు ఆ తీర్పు తప్పని చూపించాడు. క్లోరోఫాం గుండెను అకస్మాత్తుగా గింజుకునేలా చేసి చంపుతుంది. నేరం చేసిన మందుని హైదరాబాదు నిర్దోషి అంది. దాదాపు నూరేళ్ల తరవాత బ్రిటన్‌లో, నేరం చేయని మందు శిక్ష అనుభవించింది. రెండు చోట్లా చూసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు.

అయితే ఆల్తెసిన్ తీసెయ్యడం తప్పు అని నేననను. సీసాలో ఉన్నది మొత్తం కలిసే మందు. రోగి నరంలోకి ఆల్ఫాక్సలోన్ విడిగా వెళ్లలేదు. థయోపెంటోన్ చేతిలో ఉండగా, హెర్నియా కోసం వచ్చిన ఆరోగ్యవంతుణ్ణి అలాంటి గండానికి ఎదురు పంపించే హక్కు ఎవరికీ లేదు. నా బాధల్లా ఏమిటంటే, ఐసీఐ చేసిన పని గ్లాక్సో చెయ్యలేదు. మందుకి కొత్త ద్రావకం వెతికి మనుషుల ముందుకి మళ్లీ తీసుకురాలేదు. అప్పటికి సైక్లోడెక్స్ట్రిన్లు ఇంజక్షన్లలో వాడకానికి రాలేదన్నది నిజమే. కానీ వచ్చాక కూడా చాలా ఏళ్లు మనుషుల కోసం దాని వైపు చూసినవాళ్లు పెద్దగా లేరు.

పిల్లులు మాత్రం దాన్ని వదల్లేదు. అదే మందుని, అదే ఆముదపు ద్రావకంలో, సఫాన్ అన్న పేరుతో పశువైద్యులకు అమ్మారు. మనుషులకు మానేశాక కూడా బ్రిటన్‌లో పిల్లులకు దాన్ని ఏళ్ల తరబడి వాడారు. మత్తిచ్చిన పిల్లి చెవులు, పాదాలు ఎర్రబడి వాచేవి. పశువైద్యుడు చూసి, కాసేపట్లో తగ్గుతుందిలే అనుకుని పని కానిచ్చేవాడు. కుక్కలకు ఇవ్వరాదని గట్టి నిషేధం.

ఇక ఒకే నేరానికి రెండు తీర్పులు ఎలా వస్తాయో చూడాలంటే క్యాన్సర్ వార్డుకి వెళ్లాలి. పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్, టాక్సాల్ అన్న పేరుతో తెలిసినది, నీళ్లలో కరగదు. దాన్ని కరిగించింది కూడా క్రెమఫోరే. దానికి మనుషుల మీద మొదటి దశ పరీక్షలు మొదలైంది 1984లో, ఆల్తెసిన్ పోయిన ఏడాదే. రోగులు వరసగా ఎర్రబడి, ఊపిరాడక పడిపోతుంటే పరీక్షలు ఆపేసే దాకా వచ్చింది. కానీ ఆపలేదు. అండాశయ క్యాన్సర్‌కి వేరే దారి లేని ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించడం, ముందే స్టెరాయిడ్, హిస్టమిన్‌ని అడ్డుకునే మందులు వెయ్యడం అలవాటు చేశారు. 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ నూనెకి బదులు అల్బుమిన్ ప్రొటీన్‌తో చేసిన రూపానికి 2005లో అనుమతి వచ్చినా, పాతది ఇంకా నడుస్తూనే ఉంది. మన దగ్గర క్యాన్సర్ ఆసుపత్రుల్లో కీమో డ్రిప్పుకి ముందు నర్సు వచ్చి డెక్సామెథసోన్, ఎవిల్ సూదులు వేస్తే, అవి ఎక్కువ భాగం ఆ ఆముదపు నూనెకి కడుతున్న కప్పం. థయోపెంటోన్ ఉంది కాబట్టి ఆల్తెసిన్‌కి క్షమాపణ దొరకలేదు. టాక్సాల్‌కి పోటీ లేదు కాబట్టి దొరికింది. మందు భవిష్యత్తు దాని గుణం మీద ఎంత ఆధారపడుతుందో, వరసలో దాని వెనక ఎవరు నిలబడ్డారన్న దాని మీదా అంత ఆధారపడుతుంది.

ఆల్ఫాక్సలోన్ పూర్తిగా చావలేదు. పిండి పదార్థం నుంచి తయారయ్యే గుండ్రటి చక్కెర అణువులు సైక్లోడెక్స్ట్రిన్లు. మందు వాటి నడిమి ఖాళీలో కూర్చుని నీళ్లలో కలిసిపోతుంది. అలాంటి ద్రావకంతో ఆస్ట్రేలియాలో ఆల్ఫాక్సన్ అనే పశువైద్య మందు వచ్చింది. ఇప్పుడు కుక్కలకీ ఇవ్వవచ్చు. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన కోలిన్ గుడ్‌చైల్డ్ బృందం అదే అణువుని ఇంకో సైక్లోడెక్స్ట్రిన్‌తో మనుషులకు ఎక్కించి, ప్రొపోఫాల్‌తో పోల్చిన ఫలితాలు 2015లో అచ్చువేసింది. రక్తపోటు తక్కువగా పడింది, సూది చోట నొప్పి లేదు. 1971లో డాక్టర్లు మెచ్చుకున్న గుణాలే. ఇంకో వైపు, ప్రొజెస్టెరాన్ నుంచి ఒంట్లో పుట్టే అల్లోప్రెగ్ననలోన్, ఆల్ఫాక్సలోన్‌కి తోబుట్టువు లాంటిది, బ్రెక్సనోలోన్ పేరుతో 2019 మార్చిలో అమెరికాలో అనుమతి పొందింది. కాన్పయ్యాక తల్లులకు వచ్చే కుంగుబాటుకి మందుగా ఇచ్చిన అనుమతి అది.

అలాగని సైక్లోడెక్స్ట్రిన్ పులుకడిగిన ముత్యమేం కాదు. కండరాలు సడలించే మందుని ఒంట్లోంచి లాగేసే సుగమ్మడెక్స్ కూడా ఆ జాతిదే. ఎలర్జీ రియాక్షన్ల భయంతో 2008లో అమెరికా దానికి అనుమతి ఇవ్వలేదు. 2015 దాకా ఆగాల్సి వచ్చింది. నేటికీ దానితో మత్తు డాక్టర్లకు ఆ భయం ఉంది.

ఆముదం పోయినంత మాత్రాన ఆపరేషన్ బల్ల మీద ఎలర్జీ పోలేదు. బ్రిటన్ మత్తు డాక్టర్ల రాయల్ కాలేజీ దేశమంతటి ఆసుపత్రుల నుంచి లెక్కలు తెప్పించి 2018లో నివేదిక ఇచ్చింది. ఏడాదిలో ప్రాణం మీదికి వచ్చిన కేసులు 266 తేలాయి, పదిమంది చనిపోయారు. సుమారు పది వేల మత్తులకు ఒకటి. దోషుల్లో సగానికి దగ్గరగా ఆపరేషన్‌కి ముందు ఇచ్చే యాంటీబయాటిక్కులు. మూడో వంతు కండరాలు సడలించే మందులు. ఆ తరవాత క్లోర్‌హెక్సిడిన్, చర్మం శుభ్రం చేసే ద్రవం. మత్తు మందులు దాదాపు తప్పించుకున్నాయి. అన్నిటికంటే ఎక్కువసార్లు మొదట కనిపించింది రక్తపోటు పడిపోవడమే. దద్దుర్లు ముందు కనిపించినవి కొన్నే.

ఈ వ్యాసం చదివేవారిలో ఎవరికైనా, ఎవరి అమ్మకైనా, నాన్నకైనా, ‘థియేటర్లో ఏదో రియాక్షన్ వచ్చి ఆపరేషన్ ఆపేశారు’ అన్న అనుభవం ఉంటే ఒక పని చెయ్యండి. డిశ్చార్జి కాగితంలో ‘మత్తు మందు పడదు’ అని ఒక్క ముక్క రాసి ఇస్తే తృప్తిపడి ఇంటికి రాకండి. ఆ రోజు మత్తు డాక్టరు రాసిన అనస్తీషియా చార్టు జిరాక్సు అడగండి. అందులో ఎక్కించిన ప్రతి మందు పేరూ, ఎక్కించిన సమయమూ, ఏది ఎక్కించిన ఎన్ని నిమిషాలకు ఏం జరిగిందీ ఉంటాయి. యాంటీబయాటిక్, కండరాల మందు, చర్మానికి రాసిన ద్రవం, ఏదీ వదలకూడదు. వీలైతే ఎలర్జీ నిపుణుడితో పరీక్షలు చేయించుకుని, తేలిన మందు పేరు కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితాలు ఆధార్ కార్డుతో పాటు దాచి, ఇంకెప్పుడు ఏ ఆపరేషన్‌కి వెళ్లినా సర్జనుకి కాదు, ముందుగా మత్తు డాక్టరు చేతిలో పెట్టండి.